ఫారంలో 85 వేసుకున్నాను, ట్రెడ్‌మిల్ ఒప్పుకోలేదు. ఏది నమ్మాలి?

నీలిగోళ్లు:
అందరికీ నమస్కారం. నాది పుట్టుకతో ఒకే జఠరిక పనిచేసే గుండె. చిన్నప్పుడే ఫాంటాన్ ఆపరేషన్ (ఒంట్లోంచి తిరిగొచ్చే రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు మళ్లించేది) అయింది, ఇప్పుడు ముప్పై దాటాయి. ఈసారి చెకప్‌కి వెళ్తే డాక్టర్ గారిని చూడకముందే చేతిలో ఓ ఫారం పెట్టారు. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన. ఐదింటికీ 'ఏ సమస్యా లేదు' అని టిక్ పెట్టేశాను. చివర్లో నిలువుగా కొలబద్ద లాంటి గీత, అడుగున 0, పైన 100. ఈ రోజు మీ ఆరోగ్యం ఎక్కడుందో గుర్తు పెట్టమన్నారు. 85 దగ్గర పెట్టాను.

తర్వాత మూతికి మాస్కు కట్టి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. నా వయసు వాళ్లు వాడుకోవాల్సిన ఆక్సిజన్‌లో 58 శాతమే వాడుకోగలుగుతున్నానట. డాక్టర్ గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి "మీరు అబద్ధం రాశారని కాదు..." అని ఏదో చెప్పబోయారు, ఈలోపు ఇంకో పేషెంట్ వచ్చేశారు, మాట అక్కడే ఆగిపోయింది.

నేను నిజంగానే బాగున్నానండీ. ఉద్యోగం చేసుకుంటున్నా, నా పనులు నేనే చేసుకుంటున్నా. మరి ఆ 85 తప్పా? తప్పయితే మమ్మల్ని అడగడం దేనికి?

పల్స్:
నాదొకటే మాట బ్రో. మెషీన్ ఉండగా ఫారం ఎందుకు? నాకు రెండు కర్ణికల మధ్య రంధ్రం ఉంటే మూసేశారు. ఎకో చూస్తారు, ఈసీజీ చూస్తారు, అయిపోయింది. 'గత నాలుగు వారాల్లో మీకు ప్రశాంతంగా అనిపించిందా' అంటే ఏం రాయాలి? ఆ వారం ఆఫీసులో ఆడిట్ ఉంటే ప్రశాంతత ఎక్కడిది? దానికీ గుండెకీ ఏంటి సంబంధం?

లెక్కలమాస్టారు:
నీలిగోళ్లు గారూ, రెండూ నిజమే. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మీ ఒంటిని చివరి అంచు దాకా తోలితే ఎంత లాగగలదో మాస్కు పరీక్ష చూస్తుంది. మీ రోజు ఎలా గడుస్తోందో ఫారం అడుగుతుంది. మీ రోజు ఆ అంచు దాకా ఎప్పుడూ వెళ్లదు. వెళ్లకుండా చిన్నప్పటి నుంచీ మీరే సర్దుకున్నారు.

ఇది మీ ఒక్కరి సంగతి కాదు. 2005లో లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రి వైద్యులు పుట్టుక గుండె లోపం ఉన్న 335 మంది పెద్దవాళ్ల మాస్కు పరీక్షలు చూశారు. ఆయాసం, అలసట ఏమీ లేవన్న వాళ్లలో కూడా ఆక్సిజన్ వాడకం మామూలు మనుషుల కంటే స్పష్టంగా తక్కువే తేలింది.

మీకిచ్చిన ఫారం పేరు ఈక్యూ-5డీ. 1987లో మొదలైన యూరోక్వాల్ బృందం తయారుచేసింది. పాత రూపంలో ఒక్కో అంశానికి మూడు గడులు. అంటే మొత్తం 243 రకాల ఆరోగ్య స్థితులు. మూడు గడుల్లో 'సమస్య లేదు' దాటితే వెంటనే 'కొంత సమస్య ఉంది'. ఆ రెండింటి మధ్య బతికే మనిషికి గడి లేదు. అందుకే తర్వాత ఐదు గడుల రూపం తెచ్చారు, దాంట్లో 3,125 స్థితులు. అయినా మీలాంటి వాళ్లు చాలామంది పై గడిలోనే పోగవుతారు. దీన్ని సీలింగ్ ఎఫెక్ట్ అంటాం. మొదటి రోజే నూటికి నూరు వచ్చిందంటే, మందు పనిచేసినా ఇంక పైకి చూపించడానికి చోటుండదు.

పల్స్ గారూ, మీ ప్రశ్నకు వస్తాను, కాస్త ఆగండి.

రెండో రిపేర్:
నీలిగోళ్లు గారి 85 నాకు బాగా అర్థమైంది. నాది ఫాలో టెట్రాలజీ, అంటే పుట్టుకతోనే గుండెలో నాలుగు లోపాలు కలిసి ఉండటం. చిన్నప్పుడు సరిచేశారు, పెద్దయ్యాక పుపుస కవాటం (ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలోది) లీకై కొత్తది వేశారు. కవాటం వేయకముందు ఫారంలో 80 రాశాను. వేశాక కొన్నాళ్లకు మళ్లీ రాయమంటే మళ్లీ 80. అక్కడ రీసెర్చ్ చేసే అమ్మాయి తెలివైనది. "సరే, ఇప్పుడు మీకు తెలిసినదాన్ని బట్టి చెప్పండి, ఆపరేషన్‌కి ముందు నిజంగా ఎంత ఉండేది?" అంది. 55 అన్నాను, ఆలోచించకుండానే.

ఏం మారిందంటే, 'బాగుండటం' అంటే ఇదీ అని ఆపరేషన్ తర్వాతే తెలిసింది. అంతకుముందు సాయంత్రం ఇంటికి రాగానే పడుకోవడం నా స్వభావం అనుకునేవాణ్ణి. ఇంట్లో వాళ్లు కూడా 'వీడు కాస్త బద్ధకం' అనేవాళ్లు. అది కవాటం లీకు.

లెక్కలమాస్టారు:
ఆ అమ్మాయి చేసిన పనికి 'అప్పటి పరీక్ష' అని పేరుంది. మీ లోపలి కొలబద్ద జరగడాన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారు. 1999లో స్ప్రాంగర్స్, స్వార్జ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని మూడుగా విడదీసి చెప్పారు. కొలబద్ద మీది అంకెల అర్థం మారవచ్చు. ఏది ముఖ్యమనే వరస మారవచ్చు. అసలు 'ఆరోగ్యం' కిందికి ఏమేం వస్తాయన్న భావనే మారవచ్చు.

పెద్దయ్యాక గుండెపోటు వచ్చినవాళ్లకి 'అంతకుముందు' అనేది ఒకటి ఉంటుంది. మెట్లెక్కిన కాళ్లు గుర్తుంటాయి. పుట్టుకతో లోపం ఉన్నవాళ్లకి ఆ 'ముందు' లేదు. పోల్చుకోవడానికి పక్కవాడి ఒళ్లు తప్ప సొంత ఒళ్లు లేదు. ఆ నిలువు గీత పైకొసన 'మీరు ఊహించగల అత్యుత్తమ ఆరోగ్యం' అని ఉంటుంది. ఎవరి ఊహ ఎంతవరకు వెళ్తే వాళ్ల 100 అక్కడ.

నీలిగోళ్లు:
నిజమే మాస్టారూ. స్కూల్లో ఆటల పీరియడ్‌లో అందరి బ్యాగులూ కాపలా కాసింది నేనే. పరుగెత్తలేకపోవడం నాకు 'సమస్య' అనిపించదు, ఎందుకంటే ఎప్పుడూ పరుగెత్తలేదు. 'పరుగెత్తడానికి ఇబ్బందా' అంటే 'లేదు' అనే వస్తుంది నా నోట.

వార్డు సిస్టర్:
ఈ క్లినిక్‌లో ఫారాలు పంచేదాన్ని నేనే కాబట్టి నా మాట కూడా వినండి. ఫారం ఎక్కడ కూర్చుని నింపారు, పక్కన ఎవరున్నారు అన్నది ఎవరూ రాసిపెట్టరు. ఒకసారి ఓ కుర్రాడు రాస్తున్నాడు, అమ్మ పక్కనే కూర్చుని తొంగి చూస్తోంది. 'దిగులుగా ఉంటోందా' అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది, ఒకసారి అమ్మ వైపు చూశాడు, 'లేదు' మీద టిక్ పెట్టి పేజీ తిప్పాడు. నేను ఏదో వంకతో ఆవిడని కౌంటర్ దగ్గరికి పంపాను. ఆ అబ్బాయి పేజీ వెనక్కి తిప్పి టిక్ కొట్టేసి ఇంకో గడిలో పెట్టాడు.

అప్పట్నుంచి ఫారం ఇచ్చేటప్పుడు తోడొచ్చిన వాళ్లని బయట కూర్చోమంటున్నాం. భార్యాభర్తలైనా అంతే. కొంతమంది మొహం మాడ్చుకుంటారు, ఫర్వాలేదు.

ఇంకో రకం వాళ్లున్నారు. నిజం రాస్తే మళ్లీ ఆపరేషన్ అంటారేమో, పిల్లల్ని కనొద్దంటారేమో, ఉద్యోగానికి ఫిట్ కాదంటారేమో అని భయం. వాళ్లకి అన్నీ 'ఏ సమస్యా లేదు'. కారిడార్లో మాత్రం గోడ పట్టుకుని నిలబడతారు.

పల్స్:
చూశారా! సిస్టర్ గారే చెప్పేశారు. అమ్మ పక్కన ఉంటే ఒక జవాబు, లేకపోతే ఇంకోటి. దాన్ని డేటా అంటారా?

వార్డు సిస్టర్:
బాబూ, బీపీ కూడా అంతే కదా. మెట్లెక్కి రాగానే చూస్తే ఒకటి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూస్తే ఇంకోటి. అందుకని బీపీ చూడటం మానేశామా? కూర్చోబెట్టి చూస్తున్నాం.

లెక్కలమాస్టారు:
సిస్టర్ గారికి నా ఓటు. పల్స్ గారూ, ఇప్పుడు మీ ప్రశ్న. ఎకోలో కనపడనివి ఉంటాయి. నొప్పి, అలసట, భయం, పనికి వెళ్లగలగడం. వాటికి సాక్షి ఒక్కరే. డాక్టర్లు వేసే ఎన్‌వైహెచ్‌ఏ తరగతి, అదే గుండె జబ్బు మనిషిని ఎంత కట్టేస్తోందో ఒకటి నుంచి నాలుగు దాకా వేసేది, అది కూడా పేషెంట్ చెప్పింది విని డాక్టర్ రాసే అంకే. మధ్యలో ఒక చెవి, ఒక చెయ్యి అదనం, అంతే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోగి చెప్పింది ఎవరూ మధ్యలో వ్యాఖ్యానించకుండా నేరుగా నమోదైతేనే 'పేషెంట్ రిపోర్టెడ్' అంది.

మీ ఆడిట్ వారం సంగతి న్యాయమైన ప్రశ్న. ఒక్క మనిషి ఒక్క రోజు రాసిన అంకెలో అలాంటి గోల బాగా ఉంటుంది. అందుకే ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. మీ పోయినేటి అంకె పక్కన పెట్టి చూడాలి.

థీసిస్ టెన్షన్:
హాయ్ అందరికీ. నేను పీజీ చేస్తున్నాను. నా టాపిక్ సరిగ్గా ఇదే, పుట్టుక గుండె లోపాలతో పెరిగి పెద్దయినవాళ్లు తమ ఆరోగ్యం గురించి ఏం చెప్తున్నారు అని. మా గైడ్ గారు "ఒక ఎస్‌ఎఫ్-36 ఇచ్చేయమ్మా, క్వాలిటీ ఆఫ్ లైఫ్ వచ్చేస్తుంది" అన్నారు. అదేనండీ, 36 ప్రశ్నల ఆరోగ్య ఫారం. కొన్ని పేపర్లలో అదే ఫారాన్ని 'ఆరోగ్య స్థితి' అంటున్నారు, కొన్నిట్లో 'జీవన నాణ్యత' అంటున్నారు. మాస్టారూ, ప్లీజ్, ఏది వాడమంటారు?

లెక్కలమాస్టారు:
అమ్మాయ్, గైడ్ గారితో గొడవ పెట్టుకోవద్దు గానీ, ఆ రెండూ ఒకటి కాదు. మెట్లెక్కగలరా, నొప్పి పనికి అడ్డొచ్చిందా అనేవి ఆరోగ్య స్థితి. వాటన్నిటితో కలిపి 'నా బతుకు బాగుంది' అని మనిషి అనుకోవడం జీవన నాణ్యత. మొదటిది తక్కువగా ఉండి రెండోది ఎక్కువగా ఉండొచ్చు. 1999లో ఆల్బ్రెక్ట్, డెవ్లీగర్ అనే వాళ్లు తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లతో మాట్లాడితే, సగానికి పైగా తమ జీవితం బాగుందనో చాలా బాగుందనో చెప్పారు. బయటివాళ్లకి నమ్మశక్యంగా ఉండదు. ఎస్‌ఎఫ్-36 ఒక్కటే ఇచ్చి దాన్ని జీవన నాణ్యత అన్నావంటే వైవాలో దొరికిపోతావు.

అప్రోచ్-ఐఎస్ అనే అంతర్జాతీయ అధ్యయనం చూడు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం నుంచి ఫిలిప్ మూన్స్ బృందం నడిపింది. 15 దేశాలు, 4,028 మంది పెద్దవాళ్లు, 2013 నుంచి 2015 వరకు సేకరణ. వాళ్లు ఒక్కో సంగతికి ఒక్కో కొలత వాడారు. ఒంటి సంగతికి ఎస్‌ఎఫ్-36 కుదించిన ఎస్‌ఎఫ్-12, ఈక్యూ-5డీ. ఆందోళన, కుంగుబాటులకి హాడ్స్. జీవన నాణ్యతకి 0 నుంచి 100 వరకు ఒక సాదా గీత, దాంతో పాటు జీవిత సంతృప్తి మీద ఐదు ప్రశ్నలు. జబ్బును ఎలా చూస్తున్నారన్నదానికి విడిగా ఇంకోటి.

తేలిందేమిటంటే, మొత్తం మీద జనం తమ జీవితం బాగుందనే అన్నారు. ఆస్ట్రేలియా వాళ్లు అందరికంటే ఎక్కువ వేసుకున్నారు, జపాన్ వాళ్లు అందరికంటే తక్కువ. వయసు పెరిగినవాళ్లు, ఉద్యోగం లేనివాళ్లు, పెళ్లి కానివాళ్లు, ఎన్‌వైహెచ్‌ఏ తరగతి ముదిరినవాళ్లు తక్కువ చెప్పారు. ఉద్యోగం అన్నమాట గమనించు. స్కానర్‌లో పడేది కాదది.

రెండో రిపేర్:
కవాటం కంటే ఉద్యోగం పోయినప్పుడే నేను ఎక్కువ కుంగిపోయాను. ఏ స్కాన్లో పడింది అది?

థీసిస్ టెన్షన్:
థాంక్యూ మాస్టారూ! ఆందోళనకి హాడ్స్ బదులు పీహెచ్‌క్యూ-9 వాడొచ్చా? మా డిపార్ట్‌మెంట్‌లో అదే అలవాటు.

వార్డు సిస్టర్:
అమ్మా, పీహెచ్‌క్యూ-9 వాడితే తొమ్మిదో ప్రశ్న గురించి ముందే ఆలోచించుకో. 'చనిపోతే బాగుండుననిపించిందా' అన్న ప్రశ్న అది. ఎవరైనా 'అవును' అని రాస్తే అదే రోజు, వాళ్లు గేటు దాటకముందే, ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి. ఫారాలన్నీ కట్ట కట్టి నెలాఖరున కంప్యూటర్‌లో ఎక్కిద్దాం అంటే కుదరదు. మనిషి దొరకడని తెలిస్తే ఆ ప్రశ్న అడగొద్దు.

లెక్కలమాస్టారు:
సిస్టర్ గారు చెప్పింది అన్నిటికంటే ముందు చూసుకో. సాంకేతికంగా ఇంకో మెలిక ఉంది. పీహెచ్‌క్యూలో కుంగుబాటు అడుగుతారు గానీ, ఆందోళన కాదు. పైగా అలసట, నిద్ర, ఆకలి కూడా ప్రశ్నలే. గుండె జబ్బు మనిషికి కుంగుబాటు లేకపోయినా ఇవి ఉంటాయి, స్కోరు పెరిగిపోతుంది. జిగ్మండ్, స్నెయిత్ 1983లో హాడ్స్ తయారుచేసినప్పుడు ఒంటి లక్షణాలని కావాలనే పక్కన పెట్టారు. 14 ప్రశ్నలు, సగం ఆందోళనకి, సగం కుంగుబాటుకి, ఒక్కో సగానికి 0 నుంచి 21. 8 గానీ ఆపైన గానీ వస్తే గమనించాలి, 11 గానీ ఆపైన గానీ వస్తే గట్టిగా అనుమానించాలి. ఈ ఫారాలేవీ రోగనిర్ధారణ చేయవు, తలుపు తడతాయి అంతే.

ఎస్‌ఎఫ్-12 తో కూడా జాగ్రత్త. దాని శారీరక స్కోరు, మానసిక స్కోరు రెండూ విడివిడి పెట్టెలు అనుకుంటారు అందరూ. లెక్కగట్టే సూత్రంలో కొన్ని ప్రశ్నలకి మైనస్ గుర్తున్న భారాలు (నెగటివ్ వెయిట్లు) ఉన్నాయి. మనసు బాగా దిగజారిన మనిషికి శారీరక స్కోరు కాస్త పైకి తేలిపోతుంది. అంటే దిగులు పెరిగితే ఒళ్లు 'బాగుపడినట్టు' కనిపించవచ్చు! నా విద్యార్థులు ఇది నమ్మరు, చేత్తో లెక్క వేయించి చూపిస్తాను.

పల్స్:
ఇది మాత్రం భలే ఉంది మాస్టారూ. ఫారాలని తిట్టడానికి నాకు ఇంత మంచి పాయింట్ తట్టలేదు.

నీలిగోళ్లు:
గుండె జబ్బు వాళ్ల కోసమే తయారుచేసినవి లేవా? అందరికీ పనికొచ్చే ప్రశ్నలు మాకు సరిపోవడం లేదంటే, మావి మాకు ఉండాలి కదా.

లెక్కలమాస్టారు:
ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో పుట్టుక లోపాలున్న పెద్దవాళ్ల కోసమే ఒకటి చేశారు, పేరు కాన్‌హెచ్‌డీ-టీఏఏక్యూఓఎల్. లక్షణం ఉందా అని అడిగి ఊరుకోదు, ఉంటే అది మిమ్మల్ని ఎంత బాధిస్తోంది అని కూడా అడుగుతుంది. కొందరు మాత్రం గుండె వైఫల్యం కోసం చేసిన కేసీసీక్యూ ఎత్తుకుంటారు. 23 ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, స్కోరు 0 నుంచి 100. సాధారణంగా 5 పాయింట్లు మారితే మనిషికి తేడా తెలిసే మార్పు అంటారు.

కానీ చూడండి దాంట్లో ఏం జరుగుతుందో. స్నానం, నడక, తొందరగా నడవడం లేదా పరుగు, ఇలా వరసగా అడిగి 'మీ గుండె వైఫల్యం వల్ల ఎంత ఇబ్బంది' అంటారు. చివరి గడి ఇలా ఉంటుంది: 'వేరే కారణాల వల్ల ఇబ్బంది, లేదా ఆ పని చేయలేదు'. నీలిగోళ్లు గారు పరుగు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ టిక్ పెడతారు? 'చేయలేదు' దగ్గర. ఆ గడిలో టిక్ పడితే స్కోరు లెక్కలో ఆ ప్రశ్న ఖాళీ కింద పోతుంది. మిగిలిన ప్రశ్నల సగటే స్కోరు. మనిషి ఏ పనిని జీవితంలోంచే తీసేశాడో, ఆ పని లెక్కలోంచి కూడా మాయం. సగటు పెరుగుతుంది.

నీలిగోళ్లు:
...అంటే బ్యాగుల కాపలా స్కోరులో ఎక్కడా ఉండదన్నమాట.

రెండో రిపేర్:
నా అనుభవంలో ఒక్క ప్రశ్న చాలా పనిచేసింది. మా డాక్టర్ గారు 'ఇబ్బంది ఉందా' అని అడగరు. "పోయినసారి మనం కలిసినప్పటి నుంచి ఏం మానేశారు?" అంటారు. మానేసినవి టకటకా గుర్తొస్తాయి. లిఫ్ట్ లేని స్నేహితుడి ఇంటికి వెళ్లడం మానేశాను. ఫోన్లో మాట్లాడుతూ నడవడం మానేశాను, ఎందుకంటే ఊపిరి చాలక మాట తెగిపోతోంది. ఇవి చెప్పాకే ఆయన కవాటం ఎంఆర్ఐ రాశారు.

థీసిస్ టెన్షన్:
ఈ ప్రశ్న నేను తీసేసుకుంటున్నా అన్నయ్యా. ఫారాల చివర ఖాళీ గీతలతో పెడతాను. స్కోరు వేయలేను, కానీ చదువుతాను.

వార్డు సిస్టర్:
చదువుతాను అన్నావు చూడు, అదీ కావాల్సింది. 2017లో అమెరికాలో క్యాన్సర్ రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. 766 మంది. సగానికి పైగా మందికి తమ లక్షణాలు కంప్యూటర్‌లో పంపే వీలిచ్చారు, ఏదైనా ముదిరితే నర్సుకి వెంటనే కబురు వెళ్లేది. వాళ్లు మధ్యస్థంగా 31.2 నెలలు బతికారు, మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లు 26 నెలలు. కొత్త మందేం కాదది. కబురందిన నర్సు ఫోన్ చేసి మాట్లాడేది, అవసరమైతే మందు మార్పించేది. ఫారం నింపించి బీరువాలో పెడితే అది రాదు.

పల్స్:
సరే సరే. ఈసారి ఫారం ఇస్తే తిట్టుకోకుండా నింపుతాను. ఆడిట్ వారం కాకపోతే.

తమ్ముడి అన్న:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, గుండెలో పెద్ద రంధ్రం ఉంటే చిన్నప్పుడు సరిచేశారు. ఇప్పుడు 26. ఇలాంటి ఫారాలు వాడికి ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా నన్నే నింపమంటారు. పైన చెప్పిన 15 దేశాల స్టడీలో వాడిలాంటి వాళ్లున్నారా?

లెక్కలమాస్టారు:
లేరండీ. ఫారాలు సొంతంగా నింపగలిగే వాళ్లనే తీసుకున్నారు. పైగా ప్రత్యేక గుండె కేంద్రాలకు చెకప్‌కి వచ్చేవాళ్లనో, రోగుల రిజిస్టర్‌లో పేరున్నవాళ్లనో. చెకప్‌లు మానేసినవాళ్లు చాలామంది ఆ అంకెల్లో ఉండకపోవచ్చు. 'జీవితం బాగుంది' అన్న సగటు చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి. థీసిస్ అమ్మాయ్, ఇది నీ పరిమితుల పేజీలో మొదటి వాక్యం కావాలి.

మీ తమ్ముడి కోసం ఈక్యూ-5డీకే ఇంకొకరు నింపే రూపాలు రెండున్నాయి. ఒకదాంట్లో మీరు చూసినదాన్ని బట్టి మీ అభిప్రాయం రాయాలి. రెండోదాంట్లో తను నోరు విప్పి చెప్పగలిగితే ఏం చెప్పేవాడో మీరు ఊహించి రాయాలి. ఏది నింపారో కాగితం మీద రాసి ఉంచమనండి, రెండూ కలిపేస్తే అంకెకి అర్థం ఉండదు. నడక, స్నానం లాంటి కంటికి కనిపించేవాటిలో ఇంట్లో వాళ్ల జవాబు రోగి జవాబుకి దగ్గరగా ఉంటుంది. నొప్పి, దిగులు దగ్గరే దూరం పెరుగుతుంది.

తమ్ముడి అన్న:
నొప్పి అయితే వాడు చెప్పడు, టీవీ సౌండ్ పెంచుతాడు. అది రాయడానికి గడి లేదు.

వార్డు సిస్టర్:
పక్కన ఖాళీలో రాయండి బాబూ. నేను చదువుతాను. వాడి చేత కూడా ఒకసారి మొహాల బొమ్మలున్న కాగితం మీద వేలు పెట్టించి చూడండి, మీరు లేనప్పుడు. మీ జవాబు, వాడి జవాబు వేరుగా వస్తే రెండూ తీసుకురండి.

తమ్ముడి అన్న:
వచ్చే నెల చెకప్ ఉంది సిస్టర్. రెండూ తెస్తాను.